మాట వినే యంత్రం కోసం అరవై ఏళ్లు

1970ల మొదట్లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక కంప్యూటర్ చదరంగం ఆడేది. చదరంగం ఆడే కంప్యూటర్లు అప్పటికే ఉన్నాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతల్లా ఎదుటి మనిషి తన ఎత్తును టైపు చెయ్యనక్కర్లేకపోవడమే. ఏ పావును ఏ గడిలోకి జరపాలో ఇంగ్లిషులో నోటితో చెబితే చాలు, అది విని తన ఎత్తు వేసేది. ఆ వ్యవస్థ పేరు హియర్‌సే. మాటకూ మాటకూ మధ్య ఆగకుండా ధారగా మాట్లాడినా గుర్తుపట్టగలిగిన తొలి యంత్రాల్లో అదొకటి. ఆ పరిశోధనను నడిపించిన ప్రొఫెసరు మన తెలుగువాడే. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి.

కాగితం, పెన్సిలు దొరకని రోజుల్లో ఇసుకలోనే అక్షరాలు దిద్దుకున్నానని ఆయన చెప్పుకున్నారు. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పూర్తిచేసి ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ ఎంటెక్ చేసి, కొన్నాళ్లు ఐబీఎంలో ఉద్యోగం చేశారు. తర్వాత అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ చేరి, కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ పుచ్చుకున్నారు. పరిశోధనకు ఎంచుకున్న విషయం, మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టడం.

అప్పటికి ఈ పని ఏ స్థితిలో ఉందో చూడండి. 1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ‘ఆడ్రీ’ అనే యంత్రాన్ని తయారుచేసింది. దాని సరంజామా నిలువెత్తు బీరువాకు సరిపడా ఉండేది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల్ని గుర్తుపట్టేది, అదీ తనకు అలవాటైన గొంతులో ఆగి ఆగి చెబితేనే. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐబీఎం పెట్టిన ‘షూబాక్స్’కు వచ్చిన మాటలు 16. పదేళ్ల శ్రమకు దక్కిన ఫలితం అంతే. విసిగిపోయిన బెల్ ల్యాబ్స్ పెద్ద జాన్ పియర్స్ 1969లో ఒక సైన్స్ పత్రికకు ఘాటైన లేఖ రాశారు. ఈ పరిశోధనలో శాస్త్రం కన్నా ఆశే ఎక్కువగా ఉందన్నది దాని సారాంశం. దాంతో బెల్ ల్యాబ్స్‌లో ఆ పని కొంతకాలం మూలపడింది. సరిగ్గా అదే ఏడాది రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్‌లో చేరి అదే పనిని భుజాన వేసుకున్నారు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఈ తెగువే.

ఎందుకంత కష్టం? రాసిన మాటల మధ్య ఖాళీ ఉంటుంది, పలికిన మాటల మధ్య ఉండదు. ఒకే మాటను ఇద్దరు ఒకేలా పలకరు. అసలు ఒకే మనిషి రెండుసార్లు ఒకేలా పలకడు. బస్టాండులో మైకు గరగరలాడి సగం మాటలు మింగేసినా, మనం నెల్లూరు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం కాబట్టి ‘…ల్లూరు’ అనగానే లేచి సంచీ అందుకుంటాం. చెవికి అందనిదాన్ని సందర్భం పూరిస్తుంది. హియర్‌సే చేసిందీ అదే. చెప్పిన ఎత్తు సరిగా వినపడకపోతే బల్ల మీద పావులు ఎక్కడున్నాయో చూసుకునేది. అక్కడి నుంచి వెయ్యడానికి వీలున్న ఎత్తులు కొన్నే ఉంటాయి. విన్న ధ్వనికి వాటిలో ఏది దగ్గరగా ఉందో దాన్ని ఎంచుకునేది. ధ్వని తెలిసిన భాగం, మాటలు తెలిసిన భాగం, ఆట తెలిసిన భాగం వేటి ఊహను అవి ముందు పెడితే, అన్నీ కలిపి ఒక నిర్ణయానికి రావడం దాని పద్ధతి.

1976లో ఆయన శిష్యుడు బ్రూస్ లోవెర్ ‘హార్పీ’ని పూర్తిచేశారు. దాని పదసంపద 1,011 మాటలు. అందులో పలకడానికి వీలైన వాక్యాలన్నిటినీ ముందే దాదాపు 15,000 స్థానాల వలగా అల్లి పెట్టారు. మాట వినబడుతున్నకొద్దీ పొసగని దారుల్ని వదిలేస్తూ, మిగిలిన వాటి వెంటే ముందుకు పోయేది. ఈ ఉపాయం నేటి యంత్రాల్లోనూ బతికే ఉంది.

ఆ తర్వాతి కథను శిష్యులే నడిపారు. జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సంస్థ పెట్టారు. 1997లో మామూలు కంప్యూటర్‌లో ధారగా డిక్టేషన్ తీసుకునే సాఫ్ట్‌వేర్‌ను అంగట్లోకి తెచ్చారు. కై ఫూ లీ అనే విద్యార్థి గురువు నమ్మిన పద్ధతిని పక్కనపెట్టి గణాంకాల దారిలో వెళతానన్నాడు. నీతో ఏకీభవించను గానీ నీకు అండగా ఉంటానని రాజ్ రెడ్డి అన్నారట. లీ ఈ మాటను ఇప్పటికీ తలుచుకుంటారు. 1988లో ఆ కుర్రాడు చేసిన ‘స్ఫింక్స్’, ముందుగా గొంతు అలవాటు చెయ్యకుండానే ఎవరి మాటనైనా గుర్తుపట్టింది. తన సిద్ధాంతాన్ని కాదన్న శిష్యుణ్ని ఇలా వెన్నుతట్టే గురువులు ఎందరుంటారు? 1994లో రాజ్ రెడ్డికి, మరో కృత్రిమ మేధ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిపి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ గౌరవం అందుకున్న తొలి ఆసియా సంతతి వ్యక్తి ఆయనే.

2010 తర్వాత, ఉదాహరణల నుంచి తామే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు ఈ రంగంలో పుంజుకుని లెక్కలన్నీ మార్చేశాయి. 2011లో ఐఫోన్‌లోకి, మాట విని పనిచేసే సిరి వచ్చింది. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది. ఇసుకలో ఓనమాలు దిద్దిన చెయ్యి ఎనభయ్యో పడిలో పడేనాటికి, ఆయన మాతృభాషలో మాట్లాడితే ఫోను అక్షరాలు రాసిపెడుతోంది.

అయితే ఇది ఎవరికి అక్కరకు రావాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతం. అంటే ఏడేళ్లు దాటిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి చదువు రాదు. వేగంగా టైపు చేసుకునేవాడికి ఇది సౌకర్యం, వాళ్లకు మాత్రం ఇదొక్కటే దారి. రాజ్ రెడ్డి ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. 2004 ప్రాంతంలో ‘పీసీటీవీటీ’ అనే పరికరాన్ని తలపెట్టారు. కంప్యూటరు, టీవీ, ఫోను కలిసిన ఆ పెట్టెను చదువు రానివాళ్లు కూడా వాడగలగాలి, ధర 250 డాలర్లకు మించకూడదు. అది ఊరూరా చేరలేదు. ఆ కలను కొంతవరకు తీర్చింది చవక స్మార్ట్‌ఫోను.

మా వీధికి కూరగాయల బండి తెచ్చే ఆవిడకు చదువు రాదు. పాట కావాలంటే ఫోను నోటి దగ్గర పెట్టుకుని అడుగుతుంది. మొదటిసారి తన యాసలోనే అడుగుతుంది. ఫోను ఇంకేదో తెచ్చిపెడుతుంది. అప్పుడావిడ గొంతు సవరించుకుని, టీవీలో వార్తలు చదివేవాళ్లలా ఒక్కో మాటా ఒత్తి పలుకుతుంది. అప్పుడు పాట వస్తుంది. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది, నాకు మాత్రం బాధగా ఉంటుంది. యంత్రం ఆవిడ భాష నేర్చుకోవాల్సిన చోట, ఆవిడే యంత్రం భాష నేర్చుకుంటోంది.

‘వస్తున్నాడు’ అని పుస్తకంలో రాస్తాం. రాయలసీమలో ‘వస్తాండాడు’ అంటారు, తెలంగాణలో ‘వస్తున్నడు’ అంటారు, ఉత్తరాంధ్రలో ‘వస్తన్నాడు’ అంటారు. దానికి తోడు ‘చెయ్యలేకపోయాడనుకున్నాను’ అంటూ నాలుగైదు మాటల్ని ఒకే గుక్కలో కలిపేసే అలవాటు మనది. ఎన్ని గొంతులు వింటే యంత్రం అంత నేర్చుకుంటుంది. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం, 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి కార్యక్రమం మన భాషల గొంతుల్ని పోగుచేస్తున్నాయి. ఇది చాలా మంచి పని. అయినా వేరుశనగ రైతు, బీడీలు చుట్టే అమ్మ, వలకు వెళ్లే పెద్దాయన అందులో ఎందరుంటారన్న దాని మీదే మనకు రాబోయే పదేళ్లు ఆధారపడి ఉన్నాయి.

రాబోయేది ఎలా ఉంటుందో కొంత కనిపిస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను తెచ్చి అర్జీలు, ధ్రువపత్రాల వంటి సేవల్ని ఫోనులోకి చేర్చింది. రేపు పంట బీమా అర్జీనీ, ఆసుపత్రి చీటీనీ మాటతోనే నడిపించవచ్చు. అప్పుడు తప్పు వింటే జరిగే నష్టం పాట మారిపోవడంతో ఆగదు. ‘పూటకు అర’ అన్న మాత్ర మోతాదు మారిపోతే ప్రాణం మీదకు వస్తుంది. గొంతును అచ్చుగుద్ది కొడుకులా మాట్లాడి డబ్బు అడిగే మోసాలు ఇప్పటికే మొదలయ్యాయి. అందుకే యంత్రం తను విన్నదాన్ని తిరిగి చెప్పి, ఔనంటేనే ముందుకు కదలాలన్న నియమం ఇప్పుడే పెట్టాలి. ఎవరి గొంతునైనా వాళ్లు ఒప్పుకున్నాకే తీసుకోవాలి, దానికి ప్రతిఫలం ఇవ్వాలి.

ఇక గొంతులు పోగుచేసేదెవరు? పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి (ఆర్‌జీయూకేటీ) తొలి చాన్సలర్ రాజ్ రెడ్డే. దాని కింద మొదలైన ఇడుపులపాయ, నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీల్లో చదివే పిల్లలు మూడు ప్రాంతాల మాటతీరునూ ఇంటి నుంచే వెంట తెచ్చుకుంటారు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మమ్మను, పక్కింటి పెద్దాయనను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే తలా అరగంట మాట రికార్డు చేసి తేవడాన్ని ప్రాజెక్టు పనిగా మార్కులతో సహా ఇవ్వవచ్చు. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఆ పిల్లల జేబుల్లో ఉన్న ఫోన్లు సరిపోతాయి.