సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో జాబ్‌కి వెళ్తున్నారా? పల్నాడు నుంచి శ్రీసిటీ బస్సెక్కే ముందు ఇవి తెలుసుకోండి

పల్నాడు అంటే మిర్చి, పత్తి, పిడుగురాళ్ల సున్నం, మాచర్ల వైపు సిమెంట్. పెద్ద ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ మాత్రం జిల్లాలో లేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాలలో ఇంటర్, ఐటీఐ, డిప్లొమా చేసిన వాళ్లు ఈ రంగంలో పని కావాలంటే జిల్లా దాటి దూరం వెళ్లాల్సిందే. మరి అక్కడ పని ఎలా ఉంటుంది? చేరే ముందు ఏం అడగాలి? ఓసారి చూద్దాం.

అసలు క్లస్టర్ అంటే ఏంటి?

ఒకే చోట స్థలం, కరెంట్, నీళ్లు, రోడ్లు రెడీగా పెట్టి ఎలక్ట్రానిక్స్ కంపెనీలన్నింటినీ పక్కపక్కనే తీసుకురావడమే క్లస్టర్. ఇలాంటి వాటికి సాయం చేసే ఈఎంసీ స్కీమ్‌ను కేంద్రం 2012లో తెచ్చింది. 2020లో దాని రెండో విడత, అంటే ఈఎంసీ 2.0 వచ్చింది.

ఏపీలో ఎక్కడెక్కడ ఉన్నాయి?

* శ్రీసిటీ: తిరుపతి జిల్లాలో, తమిళనాడు బోర్డర్‌లో, తడకు దగ్గర్లో ఉంది. ఫాక్స్‌కాన్ ఇక్కడ తయారు చేసిన షావోమీ ఫోన్లు 2015 ఆగస్టులో మార్కెట్‌లోకి వచ్చాయి. డైకిన్, బ్లూస్టార్ ఏసీల ప్లాంట్లూ ఇక్కడే. 2025 మే 8న ఎల్జీ 5,000 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది.
* తిరుపతి: రేణిగుంట ఎయిర్‌పోర్ట్ పరిసరాల్లో డిక్సన్ వంటి కంపెనీలు ఉన్నాయి.
* కొప్పర్తి: కడప దగ్గర 540 ఎకరాల్లో, సుమారు 749 కోట్ల అంచనాతో ఈఎంసీ 2.0 కింద వచ్చింది. 2021 డిసెంబర్‌లో ప్రారంభించారు.

అన్నీ అటువైపే ఎందుకంటే.. చెన్నై దగ్గర. విడిభాగాలు ఓడలో వస్తాయి, తయారైన సరుకు ఎయిర్‌పోర్ట్ నుంచి వెళ్తుంది. శ్రీపెరుంబుదూరులోని సప్లయర్లూ దగ్గరే.

పని ఎలా ఉంటుంది?

సర్క్యూట్ బోర్డు మీద చిన్న చిన్న పార్టులను మెషీన్ అతికిస్తుంది. ఆ తర్వాత కెమెరా, బ్యాటరీ, స్క్రీన్ బిగించడం, టెస్టింగ్, ప్యాకింగ్ ఎక్కువగా మనుషుల చేతుల మీదుగానే జరుగుతాయి. ఒంట్లోని స్టాటిక్ కరెంట్‌కి బోర్డు పాడవకుండా చేతికి పట్టీ కట్టుకుంటారు. లైన్ కదులుతూ ఉంటుంది, గంటకు ఇన్ని పీసులని టార్గెట్ ఉంటుంది. ఒకే పనిని షిఫ్టంతా చేయాలి.

ఫోన్ల అసెంబ్లీ లైన్లలో ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలే. చాలామందికి ఇల్లు వదిలి హాస్టల్లో ఉండటం ఇదే మొదటిసారి. అందుకే జీతం ఎంత ముఖ్యమో హాస్టల్ కూడా అంతే ముఖ్యం. 2021 డిసెంబర్‌లో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ వర్కర్లు ఉండే హాస్టల్లో ఫుడ్ పాయిజనింగ్ జరిగి 150 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అమ్మాయిలు హైవే మీద బైఠాయించారు. ప్లాంట్ మూతపడి, 2022 జనవరిలో మళ్లీ తెరుచుకుంది. హాస్టళ్లు, డైనింగ్ హాళ్లు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిల్ సంస్థే ఒప్పుకుంది.

చేరే ముందు ఈ ఐదూ అడగండి

1. లెటర్ మీద ఎవరి పేరుంది? బోర్డు పెద్ద కంపెనీది, జీతం ఇచ్చేది కాంట్రాక్టర్ అయ్యుండొచ్చు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి.

2. జాబా, అప్రెంటిస్‌షిప్పా? అప్రెంటిస్‌కి ఇచ్చేది స్టైపెండ్. అగ్రిమెంట్‌లో రాసి ఉంటే తప్ప ట్రైనింగ్ అయ్యాక జాబ్ ఇవ్వాలన్న రూల్ లేదు.

3. చేతికొచ్చేది ఎంత? పీఎఫ్ కింద 12 శాతం కట్ అవుతుంది, కంపెనీ అంతే వేయాలి. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీ వాటా 0.75 శాతం, కంపెనీది 3.25 శాతం. ఈఎస్‌ఐ ఉంటే ఇంట్లో మీమీద ఆధారపడిన వాళ్లకూ వైద్యం అందుతుంది. హాస్టల్, భోజనం, బస్సుకు ఎంత కోత పెడతారో విడిగా అడగండి.

4. ఎన్ని గంటలు? వారానికి 48 గంటలే పరిమితి. అది దాటితే ఓటీకి డబుల్ రేటు ఇవ్వాలి. రోజు పని గంటలను 9 నుంచి 10కి పెంచేందుకు 2025 జూన్‌లో ఏపీ కేబినెట్ ఓకే చెప్పింది. మహిళలతో నైట్ షిఫ్ట్ చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, రవాణా, భద్రత కంపెనీయే చూసుకోవాలి.

5. ఎవరైనా డబ్బు అడిగారా? "సీటు ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి" అంటే అక్కడే ఆగండి. స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టే జాబ్ మేళాల్లో ఫీజు ఉండదు.

చేరాక ఏం చేయాలి?

మొదటి జీతం పడగానే పే స్లిప్ తీసుకోండి. పీఎఫ్ యూఏఎన్ నంబర్, ఈఎస్‌ఐ నంబర్ రాసిపెట్టుకోండి. స్లిప్‌లో కట్ చేసిన డబ్బు అకౌంట్‌లో పడిందో లేదో ఉమాంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. పడకపోతే పీఎఫ్‌కి 14470, ఈఎస్‌ఐకి 1800-11-2526 నంబర్లకు కాల్ చేయండి. మహిళలకు ఏ ఇబ్బంది ఎదురైనా 181 ఉంది. లెటర్, స్లిప్పుల ఫొటోలు ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కి కూడా పంపి పెట్టండి. ఫోన్ పోయినా ఆధారాలు పోవు.