ఋతువ్యాధులు - నాడు, నేడు

పాలమూరు సీమయందలి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో, తెలుగునాట పెక్కుచోట్లవలెనే, ముప్పది నలువదేండ్ల ప్రాయముననే గర్భసంచిని తీయించుకొనిన స్త్రీలు కలరు. ఏల తీయించితిరని యడిగినచో "ముట్టు ఎక్కువైతుండె, తీసేసినారు" అను సమాధానమే తరచుగా వినవచ్చును. ఈ స్థితి యెట్లు వచ్చినదో శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

ఋతుదోషములు మన పూర్వులకు తెలియనివి కావు. అధిక రక్తస్రావమును చరకసంహిత 'అసృగ్దర' మని పేర్కొని, వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములచే నాలుగు విధములుగా విభజించినది. తరువాతి గ్రంథములు అశోకపట్టను పాలతో కాచి యిమ్మన్నవి. ఆ మందులన్నియు నేటి పరీక్షలకు నిలిచినవని మేము చెప్పము. కాని ముందు కారణమును వెదకి, పిమ్మట మందిచ్చు క్రమము నేటికిని మాన్యమైనదే.

అయితే గ్రంథములలోని వైద్యము ఆడువారికి అందుట అరుదు. సిగ్గు, ఘోషా, మైల యను తలంపు అడ్డు నిలిచినవి. గద్వాల, వనపర్తి సంస్థానములకు పైప్రభువైన నిజాము రాజ్యమున 1885లో ఒక మార్పు కలిగినది. హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డు లారీ స్త్రీలకు ప్రవేశమొసగెను. ఆ తొలి విద్యార్థినులలో నొకరగు రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో పట్టము పొంది, మత్తుమందిచ్చు వైద్యురాలిగా ప్రసిద్ధికెక్కిరి. ఆడువారు తమ బాధను మరియొక స్త్రీకే చెప్పుకొనగల మార్గము అట్లు తెరువబడినది.

2007 ఏప్రిలు 1న ఆరోగ్యశ్రీ పథకము తొలుత మూడు జిల్లాలలో ఆరంభమైనది. నాడు ఈ మూడు పట్టణములను గలిగియున్న మహబూబ్‌నగర్ జిల్లా అందొకటి. పేదలకు శస్త్రచికిత్స ఉచితమగుట గొప్ప మేలే. కాని గర్భసంచి ఆపరేషనులు అవసరమునకు మించి జరుగుచున్నవను ఆందోళన రేగగా, ప్రభుత్వము ఆ పథకము క్రింద వానిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితము చేసినది. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశమున నూటికి 3.2 మంది కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశములో 8.9 మంది.

అధికస్రావము స్వయముగా వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. థైరాయిడు లోపము, గర్భసంచిలోని గడ్డలు, అండము సక్రమముగా విడుదల కాకుండుట, రక్తము గడ్డకట్టని దోషము, అరుదుగా క్యాన్సరు - ఇవి దానికి హేతువులు. పెక్కింటికి మాత్రలు, హార్మోనులు, గర్భసంచిలో నమర్చు హార్మోను సాధనము చాలును. రక్తహీనతకు ఇనుపధాతువు మాత్రలు వాడవలెను. తెల్లబట్ట యైనంత మాత్రమున క్యాన్సరు అని బెదరరాదు. అండాశయములను గూడ ముందుగా తీసివేసినచో ఎముకలు పెళుసు బారును, గుండెజబ్బుల భయము హెచ్చును.

అనవసరపు ఆపరేషనులను అరికట్టుటకై కేంద్రప్రభుత్వము 2022లో రూపొందించిన మార్గదర్శకములను అమలుపరుపుడని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలు 5న రాష్ట్రముల నాదేశించినది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. గద్వాలకు 2024లో లభించినది. ఇక మన యింటి ఆడువారు దాపరికము మాని చెప్పవలెను. ఇంటివారు చెవియొగ్గి వినవలెను. ఏడు దినములకు మించి స్రావమైనను, ముట్లుడిగిన పిదప మరల కనబడినను జాగు సేయరాదు. గర్భసంచి తీయవలెనని యెవరైనను అన్నచో, "కారణమేమి? వేరు మందు లేదా?" అని అడిగి, మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొనుడు. తీయించిన పిమ్మట ఆ ప్రశ్నకు ప్రయోజనముండదు.