చిన్న నక్షత్రానికి ముందే ముసలితనం

1782 నవంబరు 12 రాత్రి ఇంగ్లండులోని యార్క్ నగరంలో జాన్ గుడ్రిక్ ఆల్గాల్ నక్షత్రం వైపు చూసి నివ్వెరపోయాడు. ఎప్పుడూ ధగధగలాడే చుక్క బాగా మసకబారి ఉంది. గాలిలో తేమా, తన కళ్లలో లోపమా అని మొదట అనుమానపడ్డాడు. అప్పటికి అతని వయసు 18 ఏళ్లు. పసితనంలో వచ్చిన జబ్బు వల్ల చెవులు వినిపించవు. మారే నక్షత్రాలను గమనించమని అతణ్ని ప్రోత్సహించింది పొరుగునే ఉండే ఎడ్వర్డ్ పిగట్. పిగట్ తండ్రికి సొంత వేధశాల ఉండేది. ఆల్గాల్ వెలుగు మారుతుందని అంతకు నూరేళ్ల ముందే ఇటలీలో మొంటనారి గుర్తించాడు కానీ, అది ఒక లెక్క ప్రకారం మారుతోందని పట్టుకున్నవాడు మాత్రం ఈ కుర్రాడే.

పద్ధతి చాలా సాదాది. పక్కనున్న చుక్కలతో పోల్చి, ఇది దానికన్నా ఎక్కువా తక్కువా అని రాసుకోవడమే. ఈ పని ఇవాళ మన డాబా మీద నుంచి కూడా చెయ్యవచ్చు. డిసెంబరులో రాత్రి ఎనిమిది దాటాక కృత్తికలకు వాయవ్యంగా, ఉత్తరాన బాగా ఎత్తులో ఆల్గాల్ ఉంటుంది. మామూలప్పుడు పక్క మండలంలోని ఆల్మాక్‌తో సరిసమానంగా వెలుగుతుంది. మసకబారే రాత్రి ఐదు గంటల్లో తన వెలుగులో మూడింట రెండు వంతులకు పైగా పోగొట్టుకుని, దగ్గర్లోని రో పెర్సీ అనే చిన్న చుక్క స్థాయికి దిగిపోతుంది. తర్వాత ఐదు గంటల్లో మళ్లీ కోలుకుంటుంది. ఇలా ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి జరుగుతుంది. గుడ్రిక్ ఉత్త కళ్లతో చూస్తూనే చివరికి ఈ నిమిషాల దాకా లెక్క తేల్చాడు.

కారణం ఏమై ఉంటుందన్నదానికి 1783లో రాయల్ సొసైటీకి రెండు ఊహలు రాసి పంపాడు. ఏదో పెద్ద వస్తువు ఆల్గాల్ చుట్టూ తిరుగుతూ మనకు అడ్డొస్తూ ఉండవచ్చు. లేదా నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంటే దాని ఒంటి మీది మచ్చల వైపు మనకు కనబడుతూ ఉండవచ్చు. సొసైటీ ఆ ఏడాదే కోప్లీ పతకం ఇచ్చింది. 1784లో అతను మారే నక్షత్రాలు మరో రెండు పట్టుకున్నాడు. వాటిలో ఒకటి బీటా లైరే. దాని సంగతి ముందుంది. 1786 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ అతణ్ని సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులకే, 21 ఏళ్ల వయసులో గుడ్రిక్ చనిపోయాడు.

రెండు ఊహల్లో మొదటిదే సరైనదని తేలడానికి నూరేళ్లు పట్టింది. ఎంత పెద్ద టెలిస్కోప్‌తో చూసినా ఆల్గాల్ ఒకే చుక్కగా కనబడేది. 1889లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో హెర్మన్ ఫోగెల్ దాని వర్ణపటాన్ని ఫొటో తీసి, గీతల జరుగుడును బట్టి దాని కదలికను కొలిచాడు. వెలుగు తగ్గే గ్రహణానికి ముందు ఆల్గాల్ మననుంచి దూరంగా పోతోంది, గ్రహణం విడిచాక మన వైపు వస్తోంది. అంటే కనబడని తోడుతో కలిసి అది కక్ష్యలో తిరుగుతోంది. ఆ తోడు పూర్తిగా చీకటిది కాదని 1910లో అమెరికాలో జోయెల్ స్టెబిన్స్ చూపించాడు. సెలీనియం ఘటంతో వెలుగును కొలుస్తూ, రెండు పెద్ద గ్రహణాల నడుమ మరో అతి చిన్న తగ్గుదలను పట్టుకున్నాడు. మసక నక్షత్రం వెలుగుదాని వెనక్కి పోయినప్పుడు వచ్చే తగ్గుదల అది. కంటికి ఎంతమాత్రం అందదు.

కొలతలు చేతికొచ్చే కొద్దీ చిక్కు బయటపడింది. వెలుగు నక్షత్రం బరువు సూర్యుడికి 3 రెట్లకు కొంచెం పైన. అది ఇంకా వయసులోనే ఉంది, కేంద్రంలో హైడ్రోజన్ నిక్షేపంగా మండుతోంది. మసక నక్షత్రం బరువు సూర్యుడిలో 0.7 వంతు మాత్రమే. అయినా ఉబ్బిపోయి, చల్లబడి, సూర్యుడికి మూడున్నర రెట్ల వ్యాసార్ధంతో ముసలితనంలో పడింది. ఇది జరగకూడని సంగతి. నక్షత్రం ఎంత బరువుగా పుడితే ఇంధనాన్ని అంత త్వరగా తగలేసుకుంటుంది. సూర్యుడికి మూడింతలున్నది కొన్ని వందల మిలియన్ల ఏళ్లలో ముసలిదవుతుంది. సూర్యుడిలో 0.7 వంతు ఉన్నది ముసలిది కావడానికి విశ్వం వయసు కూడా చాలదు. ఈ రెండూ ఒకే మేఘంలోంచి ఒకేసారి పుట్టినవి. మరి చిన్నది ముందు ఎలా ముసలిదైంది?

ఎక్కడి నక్షత్రమో దారిన పోతూ చిక్కుకుందనుకుందామంటే, ఇలాంటి జంటలు ఆకాశంలో ఒకటి కాదు, బోలెడు. అన్నిటిలోనూ తేలికదే ముసలిది. 1950లలో ఖగోళజ్ఞులు దీన్ని ఆల్గాల్ వైపరీత్యం అన్నారు. కొలతల్లో తప్పు లేదు, నక్షత్రాల జీవితం గురించిన సిద్ధాంతంలోనూ తప్పు లేదు. తప్పంతా ఎవరూ పైకి అనకుండానే అందరూ నమ్మిన ఒక మాటలో ఉంది. ఇవాళ ఉన్న బరువే పుట్టినప్పటి బరువు అన్న మాట అది.

1955లో జాన్ క్రాఫర్డ్ ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. ఇవాళ తేలికగా ఉన్నదే ఒకప్పుడు బరువైనదని, ముందు ముసలిదై ఉబ్బి తన పదార్థాన్ని తోడు మీద పోసేసిందని అన్నాడు. అదే ఏడాది మాంచెస్టర్‌లో జ్డెనెక్ కోపాల్ ఈ జంటలను వర్గీకరిస్తూ, ముసలి నక్షత్రం ప్రతిచోటా సరిగ్గా ఒకే హద్దు దాకా నిండి ఉందని గమనించాడు. ఆ హద్దును 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ రోష్ లెక్క కట్టాడు. జంటలో ప్రతి నక్షత్రానికీ తన గురుత్వాకర్షణ చెల్లే మేర ఒకటుంటుంది. రెండు మేరలూ నడుమ ఒక బిందువు దగ్గర తాకుతాయి. ఉబ్బుతున్న నక్షత్రం ఆ మేర నిండేదాకా ఏమీ కాదు. నిండిన తర్వాత, నిండు చెరువు అలుగు పారినట్టు, ఆ బిందువు మీదుగా వాయువు తోడు వైపు పారుతుంది. జంట నక్షత్రాల మధ్య వాయు ప్రవాహాల జాడలు 1940లలోనే అటో స్ట్రూవె వర్ణపటాల్లో కనిపించి ఉన్నాయి కనుక, ఇది గాలిలో మేడ కాదు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. బరువైనదాని నుంచి వాయువు పారుతుండగా మనకు ఒక్క జంటా చిక్కదేం? ఈ కథలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసే ఘట్టం ఇదే. 1960లో డోనల్డ్ మోర్టన్ లెక్కలు దీనికి జవాబిచ్చాయి. బరువైనదాని నుంచి తేలికదానికి పదార్థం పోతే రెండిటి మధ్య దూరం తగ్గుతుంది. దూరం తగ్గితే రోష్ మేర కూడా కుంచించుకుపోతుంది. మేర చిన్నదయ్యే సరికి మరింత వాయువు దాని బయట పడుతుంది, ప్రవాహం ఇంకా ఉధృతమవుతుంది. రెండిటి బరువులూ సమానమయ్యేదాకా ఈ పరుగు ఆగదు. బరువులు తారుమారయ్యాక లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు తేలికదాని నుంచి బరువైనదానికి పోతోంది కనుక కక్ష్య విశాలమవుతుంది, మేర పెరుగుతుంది. నక్షత్రం నిదానంగా ఉబ్బినకొద్దీ కొంచెం కొంచెంగా పొంగుతుందంతే. ఉధృతమైన దశ నక్షత్ర జీవితంలో కనురెప్పపాటు. నిదానపు దశ సుదీర్ఘం. అందుకే ఎటు చూసినా ఆల్గాల్ లాంటివే కనబడతాయి. 1960ల మధ్యలో జర్మనీలో కిప్పెన్‌హాన్, వైగర్ట్, పోలండులో పచిన్‌స్కీ, చెకోస్లొవేకియాలో ప్లావెట్స్ కంప్యూటర్ల మీద జంట నక్షత్రాల జీవితాన్ని మొదటి నుంచి నడిపించి చూశారు. పుట్టుకలో బరువైనదిగా మొదలైన నక్షత్రం చివరికి తేలికగా, ముసలిగా తేలింది.

ఇక బీటా లైరే. దాని కక్ష్యాకాలం దాదాపు 13 రోజులు, అది ఏటా సుమారు 19 సెకన్లు పెరుగుతోంది. అక్కడ ఇచ్చే నక్షత్రం సూర్యుడికి మూడింతలు, పుచ్చుకునేది 13 ఇంతలు. బరువులు తారుమారైపోయాయి కానీ ఉధృతి ఇంకా తగ్గలేదు. పుచ్చుకునే నక్షత్రం వచ్చిపడుతున్న వాయువు చక్రంలో దాదాపు మునిగిపోయి ఉంది. ఆల్గాల్ దాటి వచ్చిన దశకు దగ్గరి దశలో బీటా లైరే ఇవాళ ఉందన్నమాట. యార్క్‌లో ఆ కుర్రాడు రెండేళ్ల తేడాతో పట్టుకున్న రెండు చుక్కలు ఒకే కథలో రెండు అధ్యాయాలు కావడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

మన దగ్గరా ఈ పని శ్రద్ధగా జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు నిజామియా వేధశాల వారు హైదరాబాదుకు దూరంగా, రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టి, గ్రహణాల జంటల వెలుగును రాత్రుళ్ల తరబడి కొలిచారు. ఎం.బి.కె. శర్మ, కె.డి. అభ్యంకర్ తదితరులు ఆర్ కానిస్ మేజోరిస్ అనే ఆల్గాల్ తరహా జంటపై చేసిన అధ్యయనం 1996లో వెలువడింది. చాలా తక్కువ బరువున్న ఇలాంటి జంట ఈ తరహాలో అరుదు, అందుకే దాని లెక్కలు ముఖ్యం.

ఆల్గాల్ కథ ముగియలేదు. బరువెక్కిన నక్షత్రం కూడా ఒకనాటికి హైడ్రోజన్ అయిపోయి ఉబ్బుతుంది, తన మేర నింపి తిరిగి తోడు వైపు పొంగుతుంది. అప్పటికి ఆ తోడు పైపొరలన్నీ పోయి, హీలియం గుండె ఒక్కటే మిగిలిన శ్వేత కుబ్జంగా ఉంటుంది. శ్వేత కుబ్జం మీద హైడ్రోజన్ పేరుకుంటే ఏమవుతుందో వేరే జంటల్లో మనం చూస్తూనే ఉన్నాం. పేరుకున్న పొర ఒక్కసారిగా అంటుకుని, అంతదాకా కనబడని చుక్క వేల రెట్లు వెలిగి నోవాగా బయటపడుతుంది. నోవాలన్నీ ఇలాంటి ఇరుకు జంటలేనన్న నమ్మకాన్ని 1960లలో రాబర్ట్ క్రాఫ్ట్ పరిశీలనలు బలపరిచాయి.