జంతుజాలం: ఒక మాట, ఒక పక్షి

కొన్నాళ్ళ క్రితం ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తూ 'ఫానా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అలవాటు కొద్దీ 'జంతుజాలం' అని రాసి ముందుకు సాగాను గానీ, మనసు ఒప్పుకోలేదు. ఆ మాటలో ఉన్నదేదో నా మాటలోకి రాలేదనిపించింది.

ఫానా రోమనుల పురాణాలలోని దేవత. అడవులకూ మందలకూ అధిదేవత అయిన ఫానస్‌కు స్త్రీరూపం. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1745లో తన దేశపు మొక్కల మీద 'ఫ్లోరా స్వేసికా' రాసి, మరుసటి ఏడు జంతువుల మీద రాసిన గ్రంథానికి 'ఫానా స్వేసికా' అని పేరు పెట్టాడు. 'స్వేసికా' అంటే స్వీడన్ దేశపుది అని అర్థం. అంటే శాస్త్రంలోకి అడుగుపెట్టేనాటికే ఈ దేవత ఒక ఊరూ పేరూ వెంటబెట్టుకొని వచ్చిందన్నమాట. ఒక ప్రాంతపు జంతువులన్నిటికీ, వాటిని వర్ణించే గ్రంథానికీ కూడా ఈ మాటే వాడుకలోకి వచ్చింది. బ్లాన్‌ఫోర్డ్ సంపాదకత్వంలో 1888 నుండి వెలువడిన 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' సంపుటాలు ఆ కోవలోనివే.

ప్రాంతమే కాదు, కాలం కూడా ఈ మాటకు హద్దు. 1884లో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పర్యవేక్షణలో జరిగిన తవ్వకాలలో దొరికిన ఎముకలలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. నేటి కర్నూలు సీమ జంతుజాలం వేరు, ఆనాటిది వేరు.

ఇక మన మాట సంగతి. సంస్కృతంలో 'జంతువు' అంటే పుట్టినది, ప్రాణమున్న ప్రతిదీ. తెలుగు వాడుకలో అది కుంచించుకుపోయి నాలుగుకాళ్ళ మృగమైంది. అందుచేత 'జంతుజాలం' అనగానే పులీ, జింకా మెదులుతాయే తప్ప పిట్టా, పురుగూ, చేపా తోచవు. 'జీవజాలం' అందామంటే చెట్లు కూడా వచ్చి చేరతాయి. 'జాలం' అంటే సమూహం, వల అని రెండర్థాలు. మనం అంతర్జాలంలో వలను పట్టుకున్నాము, జంతుజాలంలో గుంపుతో సరిపెట్టుకున్నాము. నిజానికి ఇక్కడా వలే సరైన అర్థమని నా అభిప్రాయం. ఒక నేల మీద ప్రాణులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కదా!

ఆ ముడి ఎంత గట్టిదో కలివికోడి చెబుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ దొరకబుచ్చుకున్న ఈ పక్షికి 1848లో బ్లైత్ శాస్త్రీయంగా నామకరణం చేశాడు. ఇంగ్లీషులో అది 'జెర్డాన్స్ కోర్సర్' అయింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి ప్రాంతంలో, స్థానికుల సాయంతో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని తిరిగి కనుగొన్నారు. దాని కోసమే తరువాత తెలుగుగంగ కాలువ దారి మళ్ళించవలసి వచ్చింది. మళ్ళీ ఏళ్ళ తరబడి మౌనం. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత రికార్డయిందని వార్త వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జెర్డాన్ తన గ్రంథంలో పక్షుల తెలుగు పేర్లను కూడా శ్రద్ధగా నమోదు చేశాడు. ఈ పక్షి పేరును రోమను లిపిలో 'అడవ వుత తిత్తి' అన్నట్టుగా రాసి, అడవి ఖాళీ సంచి అని అర్థం చెప్పాడు. 'అడవి ఉత్త తిత్తి' అయివుంటుందని నా ఊహ. కలివి పొదల మాటున తిరిగేది గనుక కలివికోడి. ఆ పేరులో పక్షితో పాటు దాని పొద కూడా ఉంది. లాటిన్ పేరులో మెడ మీది రెండు పట్టీలు మాత్రమే ఉన్నాయి.

ఈ మాటకు ఇంకొక అనువాదం వెతకడం మానేశాను. 'జంతుజాలం' అనే వాడుతున్నాను, కాకపోతే ముందు ఏ సీమదో చెప్పి, వెనుక అక్కడివాళ్ళు పిలిచే పేర్లను చేరుస్తున్నాను. కలివికోడి కూత మళ్ళీ వినబడింది. పిలిచేవాళ్ళు లేక పోయిన పేరును ఏ అడవిలో వెతకగలం? మీ ఊరి పిట్టల పేర్లు, పురుగుల పేర్లు పెద్దలనడిగి రాసి ఉంచండి. మన జంతుజాలానికి అదే మొదటి సంపుటం.