బల్ల మీదికి మంచు ఎలా వచ్చింది

1471 ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం. లండన్‌కు ఉత్తరాన బార్నెట్ అనే ఊరి బయట రెండు సైన్యాలు తెల్లవారకముందే కాచుకుని ఉన్నాయి. ఒకవైపు నాలుగో ఎడ్వర్డ్ రాజు. ఇంకోవైపు ఒకప్పుడు అతణ్ణి గద్దె ఎక్కించి, తర్వాత ఎదురుతిరిగిన వారిక్ ప్రభువు. మనకు పల్నాటి యుద్ధం ఎలాంటిదో ఇంగ్లీషువాళ్ళకు ఈ గులాబీ యుద్ధాలు అలాంటివి. దాయాదుల పోరు.

ముందురోజు పొద్దుగూకాక ఎడ్వర్డ్ తన మనుషుల్ని చప్పుడు కాకుండా శత్రువు దాపుకు నడిపించాడు. వారిక్ ఫిరంగులు రాత్రంతా మోగాయి గానీ, వాళ్ళు అంత దగ్గర ఉన్నారని తెలియక గుండ్లన్నీ తలల మీదుగా పోయాయి. తెల్లవారితే కన్ను పొడుచుకున్నా కానరాని మంచు. చీకట్లో నిలబడ్డ వరుసలు సరిగ్గా ఎదురెదురుగా లేవు. ఒకరి కుడి కొస ఎదుటివాళ్ళ ఎడమ కొసను దాటిపోయింది.

వారిక్ కుడిపక్కనున్న ఆక్స్‌ఫర్డ్ ప్రభువు తన ఎదుటివాళ్ళను తరిమికొట్టాడు. అతని మనుషులు వాళ్ళ వెంటపడి ఊళ్ళోకి పోయి దోపిడీకి దిగారు. కొన్ని వందలమందిని పోగేసుకుని అతను వెనక్కి వచ్చేసరికి పోరు సాగే వరుసే పక్కకు తిరిగిపోయింది. ఆక్స్‌ఫర్డ్ మనుషులు ధరించిన గుర్తు కిరణాలు చిమ్మే నక్షత్రం. ఎడ్వర్డ్ గుర్తు కిరణాలు చిమ్మే సూర్యుడు. మంచులో నక్షత్రం సూర్యుడిలా కనిపించి, సొంతవాళ్ళే బాణాలు వేశారని ఆ కాలపు వృత్తాంతం ఒకటి చెబుతుంది. ద్రోహం, ద్రోహం అన్న కేక లేచింది. దాంతో సైన్యం చెదిరింది. వారిక్, అతని తమ్ముడు మాంటెగ్యూ ఇద్దరూ ఆ పొద్దే పోయారు.

ఈ పోరును బల్ల మీద, వేలెడంత బొమ్మలతో మళ్ళీ నడపాలంటే? బొమ్మలు పోత పోయించుకోవచ్చు, గుట్టలు అట్టతో కట్టుకోవచ్చు. మంచును ఎక్కణ్ణుంచి తెస్తారు? బల్ల చుట్టూ నిలబడ్డవాళ్ళకు అన్నీ కనబడుతూనే ఉంటాయి. అన్నీ కనబడేవాడు నక్షత్రాన్ని చూసి సూర్యుడనుకోడు గదా. యుద్ధపు ఆటను కనిపెట్టినవాళ్ళను ఏడిపించిన చిక్కు ఇదే.

పాత ఆటలకు ఈ బాధ లేదు. వేపచెట్టు కింద బండ మీద గీసుకున్న పులిమేకలో మేక ఎక్కడుందో పులికి తెలుసు, పులి ఎక్కడుందో మేకకు తెలుసు. మన దేశంలో పుట్టి లోకమంతా తిరిగిన చదరంగమూ అంతే. 1780లో జర్మనీలో హెల్విగ్ అనే లెక్కల పంతులు దాన్ని పెంచి 1,617 గళ్ళ పలక చేశాడు. కొండలు, నదులు, ఫిరంగులు అన్నీ పెట్టాడు. గళ్ళు పెరిగాయే గాని దాపరికం రాలేదు.

తర్వాతి అడుగు ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే ఒక ఉద్యోగిది. గళ్ళు తీసేసి, తడి ఇసుకతో నేలను మలిచి దాని మీద ఆడించాడు. రాజు చూస్తానన్నాడు. రాజుగారి ముందు ఇసుక పోయడమేమిటని మొహమాటపడి, నెలల తరబడి కూర్చుని సొరుగుల బల్ల ఒకటి చేయించాడు. కొండలు, ఊళ్ళు, దారులు అచ్చుపోసిన సున్నపు పలకలతో 1812లో దాన్ని రాజభవనానికి తీసుకెళ్ళాడు. రాజకుమారులు మురిసిపోయారు. ఖరీదైన వస్తువు, అందమైన వస్తువు. అక్కడితో ఆగింది.

దాన్ని ముందుకు తోసింది కొడుకు. ఫిరంగి దళంలో చిన్న అధికారి. బల్ల పక్కనపెట్టి సైన్యం వాడే పటాన్ని పరిచాడు. దెబ్బల ఫలితం పాచికలకు అప్పగించాడు. వాటికంటే గొప్ప పని మరొకటి చేశాడు: ఇద్దరి మధ్య ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టాడు. ఆటగాడు బొమ్మను ముట్టడు, ఆజ్ఞను చీటీ మీద రాసిస్తాడు. మధ్యవర్తి దాన్ని చదివి, ఎవరికి ఏది కనబడాలో అదే పటం మీద పెడతాడు. శత్రువు అడవి వెనక ఉంటే పటం మీద ఉండడు. మంచు అలా వచ్చింది. యంత్రంతో కాదు, నోరు మూసుకుని కూర్చునే ఒక మనిషితో.

1824లో సేనాధిపతుల పెద్ద మ్యూఫ్లింగ్ ముందు ఆడి చూపించారు. మొదట ముభావంగా కూర్చున్న ఆయన ఆట సాగేకొద్దీ వేడెక్కి, చివరికి ఇది ఆట కాదు, సైన్యానికి చదువు అని పొంగిపోయి పటాలాలకు సిఫారసు చేశాడట. పేరు వచ్చినచోటే ఓర్వలేనివాళ్ళూ లేచారు. కొడుకు రైస్‌విట్జ్‌ను దూరపు కోట ఊరికి బదిలీ చేశారు. 1827లో అతను తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. 1866, 1870 యుద్ధాల్లో ప్రష్యా గెలిచాకే తక్కిన దేశాలు అతని ఆట కోసం పరుగెత్తాయి. చూసి సంతోషించడానికి అతను లేడు.

ఆటను బారకాసుల్లోంచి ఇళ్ళలోకి తెచ్చినవాడు హెచ్.జి. వెల్స్. 1913లో ఆయన రాసిన చిన్న పుస్తకంలో సీసపు సిపాయిలు నేల మీద నిలబడతారు, స్ప్రింగు ఫిరంగి కర్రపుల్లలు విసురుతుంది. పిల్లలకు పండగే. కానీ మధ్యవర్తిని తీసేశాక దాపరికం చాలావరకు పోయింది. ఆ మాటకొస్తే వెల్స్ చేతిలో మంచు కరిగిపోయిందనే నా అభిప్రాయం.

1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ అచ్చేసిన పుస్తకం ఈ సరదాను ఉద్యమంలా పెంచింది. అందులో టోనీ బాత్ కత్తులు, బల్లేల కాలానికి నియమాలు కూర్చాడు. సిపాయి చావడమే కాదు, జడిసి పారిపోవడమూ పాచికకే వదిలే పద్ధతి ఇలాంటి ఆటల్లో పాతుకుంది. బార్నెట్‌కు కావలసింది అదే. వరుసల్ని కావాలనే ఏటవాలుగా నిలబెడతారు. కంటికి అందని దళానికి బొమ్మ బదులు ఖాళీ చీటీ. దోపిడీకి పోయిన ఆక్స్‌ఫర్డ్ దండు తిరిగొస్తుందా, వస్తే ఏ వైపు నుంచి, సొంతవాళ్ళు గుర్తుపడతారా అన్నవి పాచికలే చెబుతాయి. గుర్తుపట్టకపోతే బాణాలు, ఆపైన పక్క దళం నిలుస్తుందా లేదా అని మళ్ళీ పాచిక. అన్నీ పెట్టినా ఒక చిక్కు మిగులుతుంది. ఆడేవాడు చరిత్ర చదివి వస్తాడు. అందుకే గడుసు మధ్యవర్తులు ఊరి పేరు, ప్రభువుల పేర్లు మార్చేసి ఏదో కొత్త యుద్ధమని చెప్పి కూర్చోబెడతారు.

ఈ కథ మా కరువు సీమ దాకా వచ్చింది, సిపాయిలు లేకుండా. ఇక్కడ కంటికి కనబడనిది భూమి లోపలి నీరు. పక్కవాడి బోరు ఎంత తోడుతోందో, కింద ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. మా అనంతపురం, చిత్తూరు మెట్ట ఊళ్ళలో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి 2013లో రైతుల చేత ఒక ఆట ఆడించారు. ఏడాది ఏడాదికీ ఏ పంట పెడతావు? తక్కువ తాగి తక్కువ తెచ్చేదా, ఎక్కువ తాగి ఎక్కువ తెచ్చేదా? అందరి ఎంపికలూ కలిపి నీటిమట్టం ఎంత దిగిందో ప్రతి విడత చివరా తేలుతుంది. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి.

మొదటి ఏడాది ఆట మధ్యలో మాట్లాడుకోనిచ్చినా నీటి వాడకంలో పెద్ద తేడా రాలేదు. ఏడాది తర్వాత ఆటను కాస్త మార్చి అవే ఊళ్ళలో మళ్ళీ ఆడించినప్పుడు మాట పనిచేసింది. 2018లో అచ్చయిన వాళ్ళ పరిశోధన ప్రకారం, అదే నీటి కార్యక్రమంలో ఉండి ఆట ఆడని ఊళ్ళకంటే ఆడిన ఊళ్ళే ఎక్కువగా నీటి లెక్కల పుస్తకాలు తెరిచాయి, వాడకానికి కట్టుబాట్లు పెట్టుకున్నాయి. ఒక్క ఆటతోనే భూగర్భజలం తరిగిపోవడం ఆగదని కూడా వాళ్ళే రాశారు.