మోంతజెరీ పోగొట్టుకున్న పీఠం

1988 ఆగస్టు 15. మొహర్రం అప్పుడే మొదలైంది. కర్బలాలో ఇమామ్ హుస్సేన్ చిందించిన నెత్తురును తలచుకుని షియాలు గుండెలు బాదుకునే రోజులు. ఇరాన్‌లోని ఖోమ్ నగరంలో ఆయతుల్లా హుస్సేన్ అలీ మోంతజెరీ ఎదుట నలుగురు అధికారులు కూర్చున్నారు. జైళ్లలో శిక్ష అనుభవిస్తున్న రాజకీయ ఖైదీలను మళ్లీ పిలిచి, నాలుగు ప్రశ్నలడిగి, ఉరికి పంపుతున్నది వాళ్లే. ఆజ్ఞ దేశ సర్వోన్నత నేత ఖోమైనీది. ఈ నెలలోనైనా ఆపండని మోంతజెరీ బతిమాలారు. ఇస్లామిక్ రిపబ్లిక్‌లో ఇంత పెద్ద నేరం ఇంతవరకు జరగలేదని, చరిత్ర మనల్ని క్షమించదని మొహం మీదే చెప్పారు. వాళ్లు ఆపలేదు. వేలమంది పోయారు.

చచ్చిపోతున్నవాళ్లలో ఎక్కువమంది ఖోమైనీ ప్రభుత్వాన్ని ఎదిరించిన ముజాహిదీన్ సంస్థవాళ్లు. 1981 బాంబు పేలుడులో మోంతజెరీ కొడుకు మహమ్మద్‌ను చంపింది వాళ్లేనని ప్రభుత్వం చెప్పింది, ఆయనా అలాగే నమ్మారు. పగే కావాలంటే నాకే ఎక్కువ కావాలి కదా అని ఆ తండ్రి అడిగారు. ఆ మాటకు ఎవరు మాత్రం ఏం బదులు చెప్పగలరు!

ఆయన పరాయివాడేమీ కాదు. 1979లో రాజ్యాంగం రాసిన సభకు అధ్యక్షుడు. 1985లో ఖోమైనీ వారసుడిగా ఎంపికైనవాడు. షియాల నమ్మకం ప్రకారం అదృశ్యుడైన పన్నెండో ఇమామ్ తిరిగొచ్చేదాకా రాజ్యాధికారం మతపండితుడిది కాదని, దిక్కులేనివారి ఆస్తిపాస్తులు కనిపెట్టుకోవడం వంటి పనులవరకే అతని బాధ్యత అని ఇరాక్‌లోని నజఫ్‌లో ఆయతుల్లా ఖూయీ వంటివారు చెబుతూ వచ్చారు. 1970లో అదే నజఫ్‌లో ఖోమైనీ ఎదురు వాదం లేవదీశారు: ధర్మశాస్త్రం తెలిసిన ఫఖీహే ఏలాలి. ఆ వాదానికి సంపుటాల కొద్దీ శాస్త్రబలం కూర్చినది శిష్యుడు మోంతజెరీయే. పైన ఫఖీహ్ ఉంటే అన్యాయం అక్కడ ఆగిపోతుందని, విప్లవానికి ముందు ఇరాన్ రాజు షా చెరసాలల్లో మగ్గినప్పుడు కూడా ఆయన నమ్మారు. తీరా చూస్తే ఉరి ఉత్తరువు పైనుంచే దిగింది. నాకు ఆయన పదవి పోవడంకన్నా ఈ నమ్మకం కూలడమే పెద్ద దుఃఖంగా తోస్తుంది.

అలా ఎదురు చెప్పినందుకు 1989 మార్చిలో మోంతజెరీ వారసత్వం పోయింది. కార్యాలయాల గోడల మీది ఆయన చిత్రపటాలు దిగిపోయాయి. జూన్‌లో ఖోమైనీ కన్నుమూశారు, ఖమేనీ ఆ పీఠమెక్కారు. సర్వోన్నత నేత అగ్రశ్రేణి పండితుడై ఉండాలన్న షరతును రాజ్యాంగం నుంచి తీసేశారు.

మోంతజెరీ తన సిద్ధాంతాన్ని తానే తిరగదోడుకున్నారు. ఫఖీహ్‌ను ప్రజలే ఎన్నుకోవాలి, అతను పర్యవేక్షించాలి తప్ప ఏలకూడదు అన్నారు. 1997లో ఖమేనీ అర్హతనే ప్రశ్నించినందుకు 2003 దాకా సొంత ఇంట్లోనే బందీ అయ్యారు. 2009 డిసెంబరులో ఆయన పోతే ఖోమ్ వీధులు జనంతో నిండాయి. అంతిమయాత్ర ప్రభుత్వంపై నిరసనగా మారింది.

ఆనాటి ఖోమ్ సమావేశం టేపును 2016లో కొడుకు అహ్మద్ బయటపెట్టారు. శిక్ష ఆయనకే పడింది. ఆ గదిలో కూర్చున్న నలుగురిలో ఒకరైన ఇబ్రహీం రైసీ 2021లో ఇరాన్ అధ్యక్షుడయ్యారు.