చేప వచ్చిన కాలం, చేప వెళ్లిన కాలం: పశ్చిమ గ్రీన్‌లాండ్ చరిత్రలో ఒక అధ్యాయం

గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరాన, నేటి రాజధాని నూక్‌కు కొద్ది దూరంలో, సముద్రానికి అభిముఖంగా ఉన్న ఒక దీవిపై కాంగెక్ అనే పల్లె ఉండేది. పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో ఆ పల్లెలో ఆరోన్ అనే సీల్ వేటగాడు క్షయవ్యాధితో మంచం పట్టాడు. కయాక్ ఎక్కి వేటకు పోయే శక్తి అతనికి లేదు. 1858లో దక్షిణ గ్రీన్‌లాండ్ పాలనాధికారిగా ఉన్న హిన్రిక్ రింక్ అక్కడి ప్రజలకు ఒక విజ్ఞప్తి పంపాడు. మీ పూర్వుల కథలు మీకు తెలిసినట్లుగా రాసి పంపండి, బొమ్మలు వేయగలవారు వేసి పంపండి అన్నది దాని సారాంశం. ఆరోన్ పడకమీది నుంచే దానికి స్పందించాడు. రింక్ పంపిన కాగితాలపైన, రంగులతోను, కొయ్య చెక్కడాలలోను, తన జాతి జ్ఞాపకాలను బొమ్మలుగా మలిచాడు. 1869లో మరణించేనాటికి అతడు వేసిన చిత్రాలు రెండు వందలు దాటాయి.

రింక్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. భూగర్భశాస్త్ర పరిశోధకుడుగా ఆ దేశానికి వెళ్లి, పాలనాధికారిగా స్థిరపడినవాడు ఆయన. గ్రీన్‌లాండ్ ప్రజల స్వభాషలో 1861లో వెలువడిన తొలి పత్రిక ఆయన చొరవ ఫలితమే. వేటగాళ్లకు స్థానం కల్పిస్తూ స్థానిక సభలను ఏర్పాటు చేయించినవాడూ ఆయనే. ఆ జాతి దైన్యానికి మూలం చలిలోనో వేట కొరతలోనో లేదనీ, వారి సొంత సామాజిక కట్టుబాట్లు, నిర్ణయాధికారం చెదిరిపోవడంలో ఉందనీ ఆయన వాదించాడు. శతాబ్దం తరువాత అదే తీరంలో అమలైన ప్రణాళికలను చదివేటప్పుడు ఈ వాదం పదే పదే గుర్తుకు వస్తుంది.

ఆరోన్ చిత్రించిన కథలలో కొన్ని నార్స్ వలసదారులకు, ఇనూయిట్‌లకు మధ్య జరిగినవిగా చెప్పుకునే ఘర్షణలకు సంబంధించినవి. ఈ నార్స్ ప్రజలు సుమారు 985లో ఐస్‌లాండ్ నుంచి వచ్చి దక్షిణ, పశ్చిమ గ్రీన్‌లాండ్‌లలో పశువులను పెంచుకుంటూ నాలుగు శతాబ్దాలకు పైగా జీవించారు. పశ్చిమ వలస పద్నాలుగో శతాబ్ది మధ్యలో అంతరించింది. తూర్పు వలసగా పిలిచే దక్షిణ ప్రాంతంలో, 1408లో హ్వాల్సీ చర్చిలో జరిగిన ఒక వివాహమే వారిని గురించిన చివరి లిఖిత ఆధారం. వాతావరణం చల్లబడింది, మొండివారు తమ ఆవులను విడువలేక నశించారు, చుట్టూ ఉన్న ఇనూయిట్‌లు సీల్ వేటతో నిలిచారు అని ఈ కథను చాలాకాలం నీతికథలా చెప్పుకున్నారు. అయితే ఆ శ్మశానాలలోని ఎముకలను రసాయనికంగా పరీక్షించి 1999లో ప్రచురించిన ఫలితాలు వేరే సంగతి చెప్పాయి. తొలి తరాల ఆహారంలో సముద్రజీవుల పాలు ఐదోవంతు మాత్రమే ఉండగా, చివరి తరాలకు అది ఎనభై శాతం వరకు పెరిగింది. అంటే వారు మారారు, ఎంతగానో మారారు. మారినా నిలవలేకపోవడానికి చలితో పాటు, వారి వాల్రస్ దంతాలకు ఐరోపాలో గిరాకీ పడిపోవడం, నౌకల రాక సన్నగిల్లడం వంటి కారణాలను నేటి చరిత్రకారులు పరిశీలిస్తున్నారు. వాతావరణం ఒక్కటే ఒక సమాజపు తలరాత రాస్తుందనే అభిప్రాయాన్ని ఈ ఉదంతం నిలువనీయదు.

నా ఉద్దేశంలో ఇంతకంటె బోధప్రదమైన ఉదంతం ఇరవయ్యో శతాబ్దిలో జరిగింది. దాని నాయకుడు మనిషి కాదు, కాడ్ అనే చేప.

పశ్చిమ గ్రీన్‌లాండ్ ప్రజలకు సీల్ సర్వస్వం. మాంసం ఆహారం, కొవ్వు దీపానికి నూనె, తోలు దుస్తులకు, కయాక్‌కు. కోపెన్‌హాగెన్ నుంచి 1774లో ఏర్పడిన రాజవాణిజ్య సంస్థ గుత్తాధికారంతో ఆ కొవ్వును, తోళ్లను కొని, ఐరోపా సరుకులను అమ్మేది. కాడ్ అక్కడ అప్పుడప్పుడు కనబడే అతిథి మాత్రమే. 1820లలోను, 1840లలోను తీరానికి విరివిగా వచ్చి, మళ్లీ మాయమైంది. 1908, 1909 సంవత్సరాలలో డెన్మార్క్ జీవశాస్త్రవేత్త అడాల్ఫ్ యెన్సెన్ నాయకత్వంలో 'త్యాల్ఫ్' అనే నౌక ఆ జలాలలో మత్స్యసంపదను వెదికింది. వారికి దొరికిన కాడ్ స్వల్పం.

పదేళ్లు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. ఉత్తర అట్లాంటిక్ జలాలు వేడెక్కసాగాయి. ఐస్‌లాండ్ వైపు పుట్టిన కాడ్ పిల్లలు ప్రవాహాల వెంట గ్రీన్‌లాండ్ దక్షిణాగ్రాన్ని చుట్టి పశ్చిమ తీరానికి చేరి అక్కడే పెరగసాగాయి. తొలుత దక్షిణాన కనిపించిన చేప, 1920ల చివరికి ఆర్కిటిక్ వృత్తం దాకా, 1930ల ఆరంభానికి డిస్కో అఖాతం దాకా వ్యాపించింది. అదే వెచ్చదనానికి దక్షిణ తీరంలో సీల్‌లు తగ్గుముఖం పట్టాయి. యెన్సెన్ 1939లో ఈ మార్పులన్నిటినీ క్రోడీకరించి, ఆర్కిటిక్‌లో వాతావరణమే మారుతున్నదని ప్రకటించాడు. వాతావరణ మార్పు అనే మాట పాలనా పత్రాలలోకి ఎక్కడానికి అర్ధశతాబ్ది ముందు సంగతి ఇది.

వేటగాడు జాలరిగా మారడం తేలికైన పని కాదు. సీల్ వేట గౌరవం. చేపలు పట్టడం వృద్ధులకు, స్త్రీలకు, బాలురకు తగిన పని అనే భావన ఆ సమాజంలో ఉండేది. అయినా ఇంట దీపం వెలగనప్పుడు గౌరవం ఎంతకాలం నిలుస్తుంది? ఈ మొదటి దశలో గమనించదగిన విశేషం ఒకటి ఉంది. చేపను ఉప్పువేసే కొట్లను వాణిజ్య సంస్థ తీరం పొడవునా చిన్న చిన్న పల్లెలలోనే కట్టించింది. ఎవరి ఊళ్లో వారు, ఎవరి పడవతో వారు, చేప ఉన్నరోజు చేప, సీల్ దొరికినరోజు సీల్. కొత్త జీవిక పాతదాని పక్కన వచ్చి చేరింది; దాన్ని తోసివేయలేదు.

రెండో దశ ప్రణాళికల దశ. 1950లో వెలువడిన నివేదిక గుత్త వ్యాపారానికి స్వస్తి చెప్పి, క్షయ నిర్మూలన, పాఠశాలలు, గృహనిర్మాణం, ఆధునిక మత్స్య పరిశ్రమలను లక్ష్యాలుగా నిర్దేశించింది. 1953లో రాజ్యాంగ సవరణ ద్వారా గ్రీన్‌లాండ్ వలస ప్రాంతమనే హోదా పోయి, డెన్మార్క్ రాజ్యంలో భాగమైంది. క్షయ అదుపులోకి వచ్చింది. 1950లో సుమారు 23 వేలుగా ఉన్న జనాభా రెండు దశాబ్దాలలో రెట్టింపు కావచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. ఆరోన్ ఏ వ్యాధితో మంచం పట్టాడో తెలిసినవారు వీటిని తేలికచేసి మాట్లాడలేరు.

అయితే 1960లో నియమితమైన సంఘం సిఫారసులతో మరో అడుగు పడింది. చెదురుమదురు పల్లెలలో ఆసుపత్రి, బడి, విద్యుత్తు కల్పించడం ఖర్చుతో కూడిన పని. కనుక శీతకాలంలోనూ సముద్రం గడ్డకట్టని దక్షిణ, మధ్య తీరంలోని పామియుత్, నూక్, మానిత్సోక్, సిసిమియుత్ పట్టణాలలో జనాన్ని కేంద్రీకరించాలి, అక్కడ కాడ్ కర్మాగారాలు ఉంటాయి, జనం కార్మికులవుతారు. ప్రభుత్వ నివేదికలు చదవడం, రాయడం వృత్తిగా గల నావంటివాడికి ఈ తర్కంలో తప్పు పట్టడం కష్టం. ప్రతి వాక్యమూ సమంజసంగానే ఉంటుంది. దాని అడుగున ఉన్న ఒక ఊహ మాత్రం ఏ వాక్యంలోనూ చర్చకు రాలేదు: కాడ్ ఎల్లకాలం ఉంటుందన్న ఊహ. 1820లలో, 1840లలో ఆ చేప వచ్చి వెళ్లిన సంగతి యెన్సెన్ రాసిపెట్టాడు. అది అందరికీ అందుబాటులోనే ఉంది. నలభై ఏళ్ల వెచ్చదనం ఒక అధికారి ఉద్యోగ జీవితం కంటె పెద్దది. అందుకే కాబోలు అది శాశ్వతంగా తోచింది.

పల్లెలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. డిస్కో దీవిలో 1924 నుంచి బొగ్గు గనితో బతికిన కుల్లిస్సాత్ పట్టణాన్ని 1972లో మూసివేశారు. వెయ్యిమందికి పైగా జనం ఉండిన ఊరది. వారు తీరం పొడవునా వేర్వేరు పట్టణాలకు చెదిరిపోయారు. మరుసటి ఏడు, 1973లో, ఆరోన్ పల్లె కాంగెక్ కూడా ఖాళీ అయింది. నూక్‌లో ఇలాంటివారి కోసం కట్టిన భవనాలలో ప్రసిద్ధమైనది 'బ్లాక్ పి'. సుమారు 320 ఇళ్లతో 1960ల మధ్యలో లేచిన ఆ ఐదంతస్తుల కట్టడంలో ఒక దశలో దేశ జనాభాలో నూటికొకరు నివసించారు. బరువైన వేట దుస్తులు తొడుక్కున్నవాడు దూరలేని గుమ్మాలు, పడవ సరంజామా పెట్టుకోవడానికి చోటులేని గదులు. తెచ్చిన వేటను కోసుకోవడానికి స్నానపు తొట్టి తప్ప వేరే చోటు లేదు. 2012లో దాన్ని పడగొట్టారు.

జనం పట్టణాలకు చేరుతున్న ఆ సంవత్సరాలలోనే చేప వెళ్లిపోయింది. 1960ల తొలినాళ్లలో పశ్చిమ గ్రీన్‌లాండ్ జలాలలో కాడ్ వేట ఏడాదికి నాలుగు లక్షల టన్నులు దాటింది. ఇందులో అధికభాగం పట్టుకుపోయినవి పోర్చుగల్, పశ్చిమ జర్మనీ మొదలైన దేశాల నౌకలు. గ్రీన్‌లాండ్ వారి చిన్న పడవలకు దక్కినది స్వల్పం. 1960ల చివర ఉత్తర అట్లాంటిక్‌లో చల్లని నీరు వ్యాపించింది. అప్పటికే మితిమీరిన వేటతో బలహీనపడిన చేపలు తిరిగి పుంజుకోలేదు. 1970ల మధ్యకు పట్టుబడి పూర్వపు దానిలో పదోవంతుకు దిగింది. తప్పు చలిదా, వలలదా అని శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. రెండిటిదీ అనడమే సబబు.

ఇక్కడ రెండు పట్టణాలను పక్కపక్కన పెట్టి చూడాలి. పామియుత్‌ను కాడ్ కోసమే పెంచారు. చుట్టుపక్కల పల్లెల జనాన్ని తెచ్చి అక్కడ చేర్చారు. చేప పోగానే దానికి మరో ఆధారం లేకపోయింది. 1980ల చివర కాడ్ కొద్దికాలం మళ్లీ కనిపించి ఆశలు రేపి, 1990ల తొలి ఏళ్లకే మాయమైంది. ఆ తరువాత యువకులు ఊరు విడిచారు. ఉత్తరాన ఉన్న సిసిమియుత్ కథ వేరు. ఆర్కిటిక్ వృత్తానికి ఆవల ఉన్న ఆ రేవు చలికాలంలోనూ తెరిచే ఉంటుంది. ఆ తీరంలో స్లెడ్జి బండికి కుక్కలను పెంచే ఊళ్లలో దక్షిణాన చివరిదీ అదే. అంటే పాత జీవికలు అక్కడ పూర్తిగా చెరిగిపోలేదు. సమీప జలాలలో రొయ్యల వేట అక్కడివారికి ముందునుంచే కొంత పరిచయం. నీరు చల్లబడి, రొయ్యను తినే కాడ్ తొలగిపోవడంతో రొయ్య విపరీతంగా పెరిగింది. స్థానికులు కొందరు సాహసించి పెట్టుబడి పెట్టి పెద్ద పడవలు కొన్నారు. అదే చలి ఒక ఊరిని కుంగదీసి మరొక ఊరిని నిలబెట్టింది. నేడు సిసిమియుత్ దేశంలో రెండో పెద్ద పట్టణం.

ఈ అనుభవం రాజకీయాలలో వెంటనే ప్రతిఫలించింది. 1972లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరడంపై జరిగిన ఓటింగులో గ్రీన్‌లాండ్ ఓటర్లు పెద్ద ఆధిక్యంతో వద్దన్నారు. డెన్మార్క్ మొత్తం ఓటు అవునన్నది గనుక వారూ చేరక తప్పలేదు. తమ జలాలలో ఎవరు వేటాడాలో బ్రస్సెల్స్‌లో నిర్ణయమవడం వారికి మింగుడుపడలేదు. 1979లో స్వపరిపాలన వచ్చింది. 1982లో మరోసారి జనాభిప్రాయం కోరి, 1985లో ఆ సమాజం నుంచి వైదొలిగారు. మత్స్యసంపదపై అధికారం కోసం ఒక సమాజం అంతటి నిర్ణయం తీసుకోవడం ఆ రోజులలో అపూర్వం. ఈ మేల్కొలుపులో పాటలకూ పాత్ర ఉంది. 'సుమె' అనే యువకుల బృందం 1973లో స్వభాషలో తెచ్చిన తొలి గ్రామఫోన్ రికార్డు అట్టమీద, నార్స్ నాయకుణ్ణి హతమార్చిన ఇనూయిట్ వేటగాడి బొమ్మ ఉంది. అది ఆరోన్ కొయ్య చెక్కడం. చిత్రకారుడి పల్లె ఖాళీ అయిన ఏడాదే అతని బొమ్మ ఇంటింటికీ చేరింది. అతని నీటిరంగుల చిత్రాలు 1982లో డెన్మార్క్ నుంచి నూక్‌కు తిరిగి వచ్చాయి.

నేటి వెచ్చదనం 1920ల నాటిదాని వంటిది కాదు. అప్పటి మార్పులో ప్రకృతిసహజమైన ఒడుదొడుకులకు పెద్ద పాత్ర ఉంది. ఇప్పటిది ప్రధానంగా మానవుడు మండించిన ఇంధనాల ఫలితం. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటె సుమారు నాలుగింతల వేగంతో వేడెక్కుతున్నదని 2022లో ప్రచురితమైన పరిశోధన లెక్కగట్టింది. అయినా చేప పద్ధతి మాత్రం పాతదే. 2011లో తూర్పు గ్రీన్‌లాండ్ జలాలలో మాకెరెల్ అనే చేప తొలిసారిగా నమోదైంది. మూడేళ్లకే, 2014లో, దాని పట్టుబడి 78 వేల టన్నులకు చేరి, దేశపు ఎగుమతి ఆదాయంలో దాదాపు నాలుగోవంతు తెచ్చిపెట్టింది. ఆ తరువాత అది ఆ స్థాయిలో నిలవలేదు.

ఉత్తరాన ఇలులిస్సాత్‌లో జాలర్లు హాలిబట్ చేప కోసం గడ్డకట్టిన సముద్రంపై కుక్కల బండ్లమీద వెళ్లి, మంచుకు రంధ్రం చేసి పొడవాటి గాలపుతాళ్లు వదిలేవారు. 1990ల చివరి నుంచి డిస్కో అఖాతంలో ఆ మంచు నమ్మదగినదిగా ఏర్పడటం లేదు. దానితో శీతకాలంలోనూ పడవలు తిరుగుతున్నాయి, హాలిబట్ పట్టుబడి సాగుతున్నది. దేశం మొత్తం మీద స్లెడ్జి కుక్కల సంఖ్య మాత్రం ముప్పై ఏళ్లలో సగానికి పైగా పడిపోయింది. పడవ ఉన్నవాడికి కుక్కల మేతఖర్చు దండగ అనిపిస్తుంది. అయినా కొందరు పెంచుతూనే ఉన్నారు. మంచు గట్టిగా పేరుకున్న ఏడాది, పడవ కదలని వారాలలో, చేపల దగ్గరకు వెళ్లగలిగేది వారే.